ఇంటి పాడి ఆవు పొదుగులో చీముగడ్డ: గుర్తింపు, చికిత్స, పాల వినియోగంలో జాగ్రత్తలు

సారాంశం

ఒకటి రెండు ఆవులు గల చిన్న కమతాలలో పొదుగుపై ఏర్పడే చీముగడ్డను పొదుగువాపు వ్యాధిగా పొరబడడం కద్దు. దాని వలన అవసరం లేని సూదిమందులు వాడడం, అవసరమైన కోత ఆలస్యం కావడం జరుగుతుంది. ఇందుకు భిన్నంగా, రక్తపు గడ్డనో జారిన పేగునో చీముగడ్డగా భావించి కోస్తే పశువు ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది. పొదుగు నిర్మాణం, చీముగడ్డ ఏర్పడే క్రమం, దానిని పోలిన ఇతర వాపుల నుండి వేరుచేసే విధానం, చికిత్సాక్రమం, చికిత్సాకాలంలో పాల వినియోగం అనే అంశాలను ఈ వ్యాసం విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఉపయోగపడే రీతిలో వివరిస్తుంది.

పరిచయం

సమగ్ర వ్యవసాయ విధానంలో పాడి ఆవు పంటకు అనుబంధం మాత్రమే కాదు. అది పంట వ్యర్థాలను పాలుగా, పేడగా మార్చి, పంట చేతికి రాని నెలలలో కుటుంబానికి రోజువారీ ఆదాయాన్ని సమకూరుస్తుంది. పది పశువులున్న డెయిరీలో ఒక పశువు పొదుగు చెడితే ఆదాయంలో కొంత భాగమే తగ్గుతుంది. ఒకే ఆవు ఉన్న ఇంట్లో అదే నష్టం ఇంటి పాలను, దూడ పోషణను, సంఘానికి పోసే పాల సొమ్మును ఒకేసారి దెబ్బతీస్తుంది. అందువలన ఇంటి ఆవు విషయంలో నిర్ణయం తొందరపాటుగానూ ఉండరాదు, జాప్యంతోనూ ఉండరాదు.

ఈ సమస్యకు పొలంతోనూ సంబంధం ఉంది. కంది, పత్తి, ఆముదం కోసిన తరువాత నిలిచే మోళ్ళు ఏటవాలుగా తెగి, శూలాల వలె నిక్కి ఉంటాయి. ఆ చేలలో మేసే ఆవుకు, ముఖ్యంగా పొదుగు వేలాడే ఆవుకు, అవి గుచ్చుకుంటాయి. గట్ల మీద పెరిగిన సర్కారు తుమ్మ ముళ్ళు, కంచెకు కట్టిన ముళ్ళతీగ, కొట్టంలో పైకి లేచిన మేకులు కూడా ఇదే హాని చేస్తాయి. గుచ్చుకున్న గాయం పైకి చిన్నదిగా కనిపించి రెండు మూడు రోజులలో మూసుకుపోతుంది. లోపల మిగిలిన ముల్లు ముక్క, దానితో పాటు ప్రవేశించిన సూక్ష్మజీవులు కొన్ని వారాల తరువాత గడ్డగా బయటపడతాయి.

పొదుగు నిర్మాణం: చికిత్సకు పునాది

ఆవు పొదుగు నాలుగు వేర్వేరు పాలగ్రంథుల సముదాయం. కుడి ఎడమ భాగాలను మధ్యనున్న బలమైన స్నాయువు వేరుచేస్తుంది. ముందు వెనుక భాగాల మధ్య పలుచని పొర ఉంటుంది. ఒక భాగంలోని పాలు మరొక భాగంలోకి ప్రవహించవు. కాబట్టి ఒక భాగం చెడినా మిగిలిన మూడింటిని కాపాడుకొనే అవకాశం ఉంది. సాధారణంగా మొత్తం పాలలో సుమారు 60 శాతం వెనుక భాగాల నుండి, 40 శాతం ముందు భాగాల నుండి లభిస్తాయి.

పాలు వేరువేరుగా ఉన్నప్పటికీ రక్తం మాత్రం అన్ని భాగాలకూ చేరుతుంది. ఒక లీటరు పాలు తయారుకావడానికి సుమారు 400 నుండి 500 లీటర్ల రక్తం పొదుగు గుండా ప్రవహించాలి. ఈ ఒక్క అంశం నుండి రెండు ముఖ్యమైన సూచనలు లభిస్తాయి. మొదటిది, పొదుగుపై తెలియక పెట్టిన గాటు తీవ్ర రక్తస్రావానికి దారితీస్తుంది. పొట్ట కింద లావుగా కనిపించే పాల నరం పరిసరాలలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. రెండవది, కండకు గాని నరానికి గాని ఇచ్చిన మందు రక్తం ద్వారా నాలుగు భాగాల పాలలోకీ చేరుతుంది. చెడిన భాగం పాలను మాత్రమే పారబోసి మిగిలిన పాలు వాడుకోవచ్చునన్న అభిప్రాయం అందువలన సరికాదు.

చీముగడ్డ ఏర్పడే తీరు

సూక్ష్మజీవులు కణజాలంలో స్థిరపడినప్పుడు తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి పోరాడతాయి. చనిపోయిన కణాలు, కరిగిన కణజాలం, సూక్ష్మజీవులు కలిసి చీముగా మారుతాయి. ఈ చీము వ్యాపించకుండా శరీరం దాని చుట్టూ నారవంటి గట్టి గోడను నిర్మిస్తుంది. ఈ గోడ శరీరానికి రక్షణ, చికిత్సకు ఆటంకం. గోడ లోపలికి రక్తనాళాలు ఉండవు కనుక సూదిమందు తగిన మోతాదులో చేరదు. లోపలి ఆమ్లత్వం, ప్రాణవాయువు కొరత కొన్ని మందుల శక్తిని తగ్గిస్తాయి. సల్ఫా మందుల చర్యను చీములోని పదార్థాలే అడ్డుకుంటాయి. చీము ఉన్న చోట దానిని బయటకు పంపడమే ప్రధాన చికిత్స అన్న పాత శస్త్రవైద్య సూత్రానికి కారణం ఇదే.

పొదుగు గడ్డలలో తరచుగా కనిపించే సూక్ష్మజీవులు స్టాఫిలోకాకస్ ఆరియస్, ట్రూపెరెల్లా పయోజీనస్. రెండవదానిని పూర్వపు గ్రంథాలు కొరైనీబాక్టీరియం పయోజీనస్ అని పేర్కొన్నాయి. ఇది చిక్కని, దుర్వాసన గల చీమును కలిగిస్తుంది. ఇవి గాయం ద్వారా చర్మం కిందికి చేరవచ్చు, లేదా నయం కాని పొదుగువాపు వ్యాధికి కొనసాగింపుగా గ్రంథి లోతున గూడు కట్టవచ్చు. చికిత్స, ఫలితం ఈ రెండు సందర్భాలలో వేర్వేరుగా ఉంటాయి కనుక గడ్డ పైపొరలోనిదా, లోతునున్నదా అన్న ప్రశ్న మొదటే రావాలి.

గడ్డ ఏదో తేల్చుకోవడం

పొదుగుపై కనిపించే ప్రతి ఉబ్బూ చీముగడ్డ కాదు. క్షేత్రంలో ఈ కింది స్థితులను వేరుచేసి చూడాలి.

చీముగడ్డ: కొన్ని రోజుల నుండి వారాల వ్యవధిలో పెరుగుతుంది. మొదట గట్టిగా, వేడిగా, తాకితే నొప్పిగా ఉంటుంది. క్రమంగా ఒక చోట మెత్తబడి, వెంట్రుకలు రాలి, చర్మం పలుచబడుతుంది. గడ్డ పైపొరకే పరిమితమైతే ఆ భాగం పాలు మామూలుగానే ఉండవచ్చు.

పొదుగువాపు వ్యాధి: వాపు ఒక చోట గుండ్రంగా కాక ఆ భాగమంతటా ఉంటుంది. పాలలో గడ్డలు, నీళ్ళదనం, రక్తపు చారలు కనిపిస్తాయి. కాలిఫోర్నియా మాస్టైటిస్ పరీక్షలో పాలు జిగటగా మారుతాయి.

రక్తపు గడ్డ: తన్ను, పోటు, జారిపడడం వంటి దెబ్బ తరువాత కొన్ని గంటలలోనే ఏర్పడుతుంది. మొదటి నుండి మెత్తగా, నీటి సంచి వలె కదులుతుంది. సాధారణంగా జ్వరం ఉండదు. దీనిని తొందరపడి కోస్తే, లోపలి ఒత్తిడి వలన ఆగి ఉన్న రక్తస్రావం మళ్ళీ మొదలై పశువు మరణించవచ్చు.

ఈనే ముందు వచ్చే నీటి వాపు: ఈతకు ముందు, తరువాత పొదుగు అంతటా సమంగా ఉంటుంది. వేలితో నొక్కితే గుంట పడి కొంతసేపు నిలుస్తుంది. దీనికి కోత అవసరం లేదు.

పేగు జారడం: పొదుగు ముందు వైపున పొట్ట గోడ చినిగి పేగు చర్మం కిందికి దిగుతుంది. కొన్నిసార్లు నొక్కితే వెనక్కి పోతుంది, చెవి ఆనిస్తే గుడగుడ శబ్దం వినిపించవచ్చు. దీనిని కోయడం ప్రాణాంతకం.

క్షయ: గడ్డ గట్టిగా, నొప్పి లేకుండా, నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. పొదుగు వెనుక పైభాగంలోని శోషరస గ్రంథులు ఉబ్బుతాయి. అనుమానం కలిగితే కోయకుండా పరీక్ష చేయించాలి, పచ్చిపాల వాడకం వెంటనే ఆపాలి.

ముద్దచర్మ వ్యాధి: 2019లో ఒడిశాలో మొదటిసారి గుర్తించిన నాటి నుండి మన దేశంలో ఉన్న ఈ వైరస్ వ్యాధిలో బొబ్బలు ఒంటి నిండా ఉంటాయి, పొదుగుపైన కూడా రావచ్చు. జ్వరం ఉంటుంది. ఇవి కోయదగిన గడ్డలు కావు.

అనుమానం తీరని చోట పశువైద్యుడు చర్మాన్ని శుభ్రపరచి సూదితో కొద్దిగా ద్రవాన్ని తీసి చూస్తారు. చీము వస్తే గడ్డ నిర్ధారణ అవుతుంది. రక్తం వస్తే కోత ఆగిపోతుంది. పాలు వస్తే గడ్డ పాలనాళాలతో కలిసి ఉన్నదని భావించాలి. సూది గుచ్చడం వలన శుభ్రంగా ఉన్న రక్తపు గడ్డలోకి సూక్ష్మజీవులు చేరే అవకాశం ఉంది గనుక ఈ పరీక్షను రైతు చేయరాదు. అల్ట్రాసౌండ్ సౌకర్యం ఉన్న ఆసుపత్రులలో దానితోనే గడ్డ లోతు, గోడ మందం తెలుసుకోవచ్చు.

గడ్డ పక్వానికి వచ్చేవరకు

దెబ్బ తగిలిన మొదటి రోజు చన్నీటి కాపడం మేలు. చీముగడ్డ అని నిర్ధారణ అయిన తరువాత వేడి కాపడం అవసరం. మణికట్టు లోపలి చర్మం ఓర్చగలిగినంత వేడి నీటిలో బేదుప్పు కలిపి, శుభ్రమైన గుడ్డ ముంచి, 10 నుండి 15 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు కాపాలి. దీని వలన రక్తప్రసరణ పెరిగి, గడ్డ ఒక చోటికి చేరి మెత్తబడుతుంది. చన్నును గట్టిగా లాగడం, గడ్డను పిసకడం తగదు. పిసికితే గోడ లోపలి వైపు పగిలి చీము గ్రంథిలోకి, రక్తంలోకి వ్యాపించవచ్చు. అలా వ్యాపించిన సూక్ష్మజీవులు కీళ్ళలో, గుండె కవాటాలలో స్థిరపడే ప్రమాదం ఉంది.

గ్రామాలలో కొన్ని చోట్ల జీడిగింజ రసం పూయడం, వాత పెట్టడం, సున్నం బెల్లం మందంగా పట్టు వేయడం నేటికీ ఉన్నాయి. పొదుగు చర్మం పలుచనిది. జీడి రసం, వాత దానిని కాల్చి కొత్త పుండ్లకు దారితీస్తాయి. సున్నపు పట్టు కూడా ఇటువంటి హానే చేయగలదు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న కలబంద, పసుపు, సున్నం మిశ్రమం పొదుగువాపు వ్యాధికి పలుచగా పూయడానికి ఉద్దేశించినది. గోడ కట్టిన చీమును అది బయటకు తీయలేదు. ఈ తేడాను రైతుకు చెప్పేటప్పుడు సంప్రదాయ వైద్యాన్ని తీసిపారేయనవసరం లేదు. దేనికి ఏది పనికివస్తుందో చెబితే చాలు.

కోత, చీము తీత

భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం శస్త్రచికిత్స రిజిస్టరైన పశువైద్యుని పని. గోపాలమిత్రలు, పశుసంవర్ధక సహాయకులు ఆయన పర్యవేక్షణలో సహకరించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలలో 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహన సేవ లభిస్తుంది. ఈ భాగంలోని వివరాలు విద్యార్థులు క్రమాన్ని గ్రహించడానికి, విస్తరణ కార్యకర్తలు తగిన ఏర్పాట్లు చేయడానికి ఉద్దేశించినవి.

ముందుగా ఆవును కట్టుగొయ్యలో నిలిపి, వెనుక కాళ్ళను మడమ కీళ్ళపైన ఎనిమిది అంకె ఆకారంలో తాడుతో బంధిస్తారు. పొదుగును కడిగి, వెంట్రుకలు తీసి, అయొడిన్ ద్రావణంతో శుభ్రపరుస్తారు. లిగ్నోకెయిన్‌తో ఆ చోటును మొద్దుబారుస్తారు. మత్తుకు వాడే జైలజీన్‌కు పశుజాతి చాలా సున్నితం. నిండు చూలు ఆవులలో అది గర్భాశయ సంకోచాలను ప్రేరేపిస్తుంది. కాబట్టి ఆవు చూలు వివరం వైద్యునికి తప్పక చెప్పాలి.

కోతకు చోటు ఎంపిక కీలకం. మెత్తబడిన ప్రదేశంలో, చీము తనంతట తాను దిగేలా వీలైనంత కింది భాగంలో, రక్తనాళాలను తప్పించి నిలువుగా గాటు పెడతారు. గాటు మరీ చిన్నదైతే రెండు రోజులలో మూసుకొని గడ్డ మళ్ళీ నిండుతుంది. కారే చీమును నేలపై పడనీయక బకెట్టులో పట్టాలి. చీములోని సూక్ష్మజీవులు కొట్టంలోని ఇతర పశువుల చన్నులకు సోకగలవు. తరువాత దానిని సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. చేతి తొడుగు వేసుకున్న వేలితో లోపలి గదులను కలిపి, ముల్లు వంటిది ఉందేమో వెదకాలి. ముల్లు మిగిలిపోతే గడ్డ తిరగబెట్టడం తథ్యం.

ఖాళీ అయిన గూటిని ఉప్పునీటితో నెమ్మదిగా కడగాలి. మరిగించి చల్లార్చిన లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపితే 0.9 శాతం ద్రావణం లభిస్తుంది. పొవిడోన్ అయొడిన్ వాడేటప్పుడు సీసాపై గాఢత చూసి పలుచన చేయాలి. 10 శాతం మందు అయితే 50 మిల్లీలీటర్లకు 950 మిల్లీలీటర్ల నీరు, 5 శాతం మందు అయితే 100 మిల్లీలీటర్లకు 900 మిల్లీలీటర్ల నీరు కలిపితే 0.5 శాతం ద్రావణం అవుతుంది. గాఢమైన మందు సూక్ష్మజీవులతో పాటు కొత్తగా పుట్టే కణజాలాన్నీ చంపుతుంది. లోతైన, ఇరుకైన గూటిలోకి హైడ్రోజన్ పెరాక్సైడును ఒత్తిడితో ఎక్కించరాదు, వెలువడే వాయువు రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది.

గాటుకు కుట్లు వేయరు. గూడు లోపలి నుండి పైకి పూడాలి. అందుకే మందులో తడిపిన గాజుగుడ్డను నింపి, ఒక కొస బయటకు వదులుతారు. మొదటి మూడు నాలుగు రోజులు ప్రతిదినం గుడ్డ మార్చి, ప్రతిసారీ తక్కువ నింపుతూ పోవాలి. ఎర్రగా, తేమగా, గింజలు కట్టినట్లు కనిపించే కణజాలం నయమవుతున్నదనడానికి గుర్తు. దుర్వాసన, మళ్ళీ జ్వరం, మేత మానడం కనిపిస్తే వైద్యుని తిరిగి పిలవాలి. ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడకుండా పుండు చుట్టూ, పుండులో కాకుండా, ఈగల నివారణ మందు పూయాలి.

లోతు గడ్డలు: కఠినమైన నిర్ణయం

గ్రంథి లోతున ఉన్న గడ్డను పైపొర గడ్డ వలె కోయరాదు. పాలిచ్చే దశలో అలా కోస్తే రక్తస్రావంతో పాటు గాటు ద్వారా నిరంతరం పాలు కారే రంధ్రం మిగులుతుంది. ట్రూపెరెల్లా వలన గ్రంథిలో అనేక గడ్డలు ఏర్పడినప్పుడు ఆ భాగం తిరిగి పాలిచ్చే అవకాశం చాలా తక్కువ. ఇటువంటి సందర్భంలో ఆ ఒక్క భాగాన్ని వట్టిపోనిచ్చి మిగిలిన మూడింటిని కాపాడడం సరైన లక్ష్యం. రోజుకు 8 లీటర్లిచ్చే ఆవులో వెనుక భాగం ఒకటి పోతే సుమారు 2.4 లీటర్లు, ముందు భాగం ఒకటి పోతే సుమారు 1.6 లీటర్లు తగ్గుతాయి. తరువాతి ఈతలో మిగిలిన భాగాలు ఈ లోటును కొంతవరకు పూడ్చుకోవచ్చు. మూడు చన్నుల ఆవు కుటుంబానికి ఇంకా ఆసరాయే. ఈ మాటను స్పష్టంగా చెబితే రైతు తొందరపడి ఆవును తెగనమ్ముకోడు, పనికిరాని మందులకు అప్పు చేయడు.

యాంటీబయాటిక్ ఎప్పుడు అవసరం

గడ్డ పైపొరకే పరిమితమై, గోడ కట్టి, ఆవు జ్వరం లేకుండా మేస్తూ ఉంటే చీము తీయడమే చికిత్స. సాధారణంగా 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ ప్రాంతంలో ఉండే ఒంటి వేడి స్పష్టంగా పెరిగినా, వాపు చుట్టూ వ్యాపిస్తున్నా, గడ్డలు అనేకం ఉన్నా, పాలు చెడినా యాంటీబయాటిక్ అవసరం. వీలైతే చీము నమూనాను పరీక్షకు పంపి, పనిచేసే మందునే ఎంచుకోవాలి.

నొప్పికి మెలోక్సికామ్ తగినది. డైక్లోఫెనాక్ పశువులలో వాడకాన్ని 2006లో, కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్‌ల వాడకాన్ని 2023లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఈ మందులు వాడిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు దెబ్బతిని మరణించడం అందుకు కారణం.

పాల వినియోగం

ప్రతి మందుకూ లేబుల్‌పై పాలు వాడరాని గడువు ముద్రించి ఉంటుంది. ఉదాహరణకు 8 లీటర్ల ఆవుకు ఐదు రోజుల యాంటీబయాటిక్ చికిత్స, తరువాత నాలుగు రోజుల గడువు అనుకుంటే 72 లీటర్లు పారబోయాలి. యాంటీబయాటిక్ అవసరం లేని గడ్డలో ఒక్కసారి ఇచ్చిన నొప్పి మందుకు ఐదు రోజుల గడువు ఉంటే నష్టం 40 లీటర్లు. అవసరం లేని మందు ధర దుకాణం బిల్లుతో ముగియదని ఈ లెక్క చెబుతుంది. జ్వరంతో ఉన్న ఆవుకు మాత్రం ఆ 72 లీటర్లు పశువు ప్రాణానికి చెల్లించే సమంజసమైన ధర.

ఇంటి ఆవు పాలలో అవశేషాల సమస్యకు ఒక ప్రత్యేకత ఉంది. సేకరణ కేంద్రంలో ఒక ఆవు పాలు వందల లీటర్లలో కలిసిపోతాయి. ఇంట్లో అవే పాలను అదే బిడ్డ ప్రతిరోజూ, పలుచన కాకుండా తాగుతుంది. కాచినంత మాత్రాన యాంటీబయాటిక్ అవశేషాలు పోవు. అవి అలర్జీకి, మందులకు లొంగని సూక్ష్మజీవుల వృద్ధికి కారణమవుతాయి. పాలు సరిగా తోడుకోకపోవడం అవశేషాలకు ఒక సూచన కావచ్చు. పెరుగు బాగా తోడుకున్నంత మాత్రాన పాలలో మందు లేదని చెప్పలేము. గడువులోని పాలను దూడకు తాపడం కూడా తగదు. దూడకు వేరే ఆవు పాలు సమకూర్చాలి.

పితికేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న చన్నులను ముందు, గడ్డ ఉన్న భాగాన్ని చివర పితకాలి. చేతులు సబ్బుతో కడగాలి. పితికిన తరువాత చన్నులను అయొడిన్ ద్రావణంలో ముంచి, ఆవు ముందు మేత వేసి అర గంట నుండి గంట సేపు నిలబడి ఉండేలా చూడాలి. చన్ను రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి ఆ సమయం పడుతుంది.

నివారణ

నివారణలో సగం పని పొలంలోనే ఉంది. కంది, పత్తి మోళ్ళను మేతకు వదిలే ముందే తొలగించడం లేదా భూమిలో కలియదున్నడం, గట్లపై సర్కారు తుమ్మను తీసివేయడం, ముళ్ళతీగకు బదులు గ్లిరిసిడియా, అవిశ వంటి మేత చెట్లతో జీవకంచె పెంచడం పొదుగును కాపాడుతూనే మేతను, పచ్చిరొట్టను ఇస్తాయి. వరిగడ్డి, వేరుశనగ పొట్టు పరిచిన పొడి నేల పొదుగుకు మెత్తని పక్క. మేత నుండి వచ్చిన ఆవు పొదుగును ప్రతి సాయంత్రం చేతితో తడిమి చూసే అలవాటు ఖర్చు లేని పరీక్ష. ముల్లు గుచ్చుకున్న రోజే దానిని తీసి అయొడిన్ పూస్తే అనేక గడ్డలు పుట్టకముందే ఆగుతాయి.

ముగింపు

పొదుగు గడ్డ విషయంలో విస్తరణ కార్యకర్త రైతుకు చెప్పవలసినవి ప్రధానంగా నాలుగు. ఏ వాపో తేలేవరకు కోయరాదు. చీమని తేలి పక్వానికి వచ్చిన తరువాత ఆలస్యం చేయరాదు. చీము తీయకుండా సూదిమందు మీద మాత్రమే ఆధారపడరాదు. మందు గడువులోని పాలు బిడ్డకూ, దూడకూ, సంఘానికీ పోయరాదు. పశువైద్యుని చికిత్స, సస్యశాస్త్రజ్ఞుని మోళ్ళ యాజమాన్యం, ఇంటివారి రోజువారీ పరిశీలన కలిసినప్పుడే ఇంటి ఆవు పాడి నిలుస్తుంది.